బిడ్డ సందేహమే లెక్కకు మొదలు



నేను హోసూరు ప్రాంతంలో లెక్కలు చెప్పినవాణ్ణి. భిన్నాల పాఠంలో మౌనంగా కూర్చునే ఒక బాలిక బడి వదిలాక తెలుగులో అడిగింది: “పదహారు నాలుగుకంటె పెద్దది గదా అయ్యవారూ! పదహారో వంతు చిన్నదెట్లయింది?” ఒక రొట్టెను నాలుగు చేసి, ఒక్కొక్క పాతికను మళ్లీ నాలుగు చేయమన్నాను. చేసి, తానే నవ్వింది. ఆ ముక్కకు మన పెద్దలు పెట్టిన పేరు వీసమని చెప్పాను.

గణిత బోధన ఇటువంటి సందేహం నుండి మొదలుకావాలి. సూత్రం ఆ తరువాత. సందేహం పుట్టేది తల్లిభాషలో. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన ఏనాడో తెనిగించాడు. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. ఆ హక్కును అడుగుదాం. అంతవరకు ఇంట్లో బిడ్డల ప్రశ్నలను ఆపకుందాం.