రక్తపరీక్ష చెప్పు మాట, చెప్పని మాట
(వరంగల్లు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావివాహాది విషయములను గూర్చి పెద్దలు ప్రసంగించిరి. మూత్రపిండములు చెడి, వారమునకు రెండు మూడు దినములు డయాలిసిస్ యంత్రము చెంత గడపుచున్నవారు మనలోను గలరు. వారి రక్తపరీక్షలను గూర్చి నాలుగు మాటలు విన్నవింతును.

1943వ సంవత్సరమున, యుద్ధకాలమందు, హాలెండు దేశపు కాంపెన్ పట్టణమున విల్లెం కోల్ఫ్ అను వైద్యుడు ఈ యంత్రమును రోగులకు ఉపయోగించెను. నేడు ఆరోగ్యశ్రీ మూలమున మన పేదలకును ఈ చికిత్స లభించుచున్నది.

గంజి వార్చు గుడ్డనుండి నీరు పోవును, మెతుకులు నిలుచును. అట్లే యూరియా వంటి సూక్ష్మమలినములును, అధికజలమును యంత్రపు పొరను దాటిపోవును. ఎంజైములు పెద్ద మాంసకృత్తులగుటచే చాలవరకు రక్తముననే యుండును. కావున డయాలిసిస్ వానిని కడిగివేయునని తలపరాదు.

అమైలేజు, లైపేజులను విసర్జించుటలో మూత్రపిండములకు పాత్ర గలదు. అవి చెడినపుడు ఈ అంకెలు కొంత పెరుగును. అంతమాత్రమున క్లోమరోగమని బెదరనక్కరలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజు పెరిగినచో కాలేయమునే గాక ఎముకలనుగూడ పరీక్షింపవలెను.

అసలు అపాయము వేరొకచోట నున్నది. కాలేయస్థితిని దెలుపు ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అను ఎంజైములు ఈ రోగులలో సామాన్యులకంటె తక్కువగా కన్పట్టును. బి6 విటమిను కొరతయు, దేహమున నీరు నిలిచి రక్తము పలుచనగుటయు ఇందుకు కారణములని వైద్యులు చెప్పుదురు. మా బంధువులలో నొకనికి ఈ అంకెలు సరిగా నున్నవని ఇంటివారు సంతసించిరి. పిదప వైరస్ పరీక్షలో హెపటైటిస్-సి బయటపడెను. రక్తముద్వారా వ్యాపించు ఆ వ్యాధి కాలేయమును మౌనముగా తినివేయుచుండెను. కాగితము మాత్రము కుశలమని పలికెను!

కావున సోదరులారా! అంకె తక్కువయని నిశ్చింతగా నుండక, హెపటైటిస్-బి, సి వైరసులకై నియమముగా పరీక్ష జరుగుచున్నదా యని వైద్యుని వినయముతో అడుగుడు. బి-కి టీకా గలదు. సి-ని మాత్రలతో పెక్కుమందికి నయము చేయవచ్చును. తెలియకుండుటయే నష్టము.

ప్రతి రోగి యింట చదువుకొన్న బిడ్డ యొకరు ఒక పుస్తకము నుంచి, పరీక్ష తేదీని, రక్తము డయాలిసిస్‌కు ముందు తీసిరో తరువాత తీసిరో వ్రాయవలెను. నీరు తొలగినమీదట అంకెలు మారును గనుక, ఈ చిన్న వివరము లేనిదే నేటి అంకెను నిన్నటి అంకెతో పోల్చుట సరికాదు. విద్యకై మనము పడిన పాటు ఈ రీతిగానైన ఒక ప్రాణమును నిలుపునేని అది సార్థకము.