పరాయి మాస్టారు, మన మాట

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

చైనా బడుల్లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లే విదేశీ టీచర్ పక్కన చాలాచోట్ల అక్కడి టీచరొకరు ఉంటారు. పిల్లాడికి అర్థం కాకపోతే వాళ్ల భాషలో చెబుతారు. మన కొండ మీద ఏకోపాధ్యాయ బడికి కింద నుంచి వచ్చే మాస్టారి పక్కన ఎవరున్నారు? పాస్‌పోర్టు అక్కర్లేదు గానీ, సవర పిల్లలకు ఆయనా విదేశీయుడే.

అలాంటి పరాయి మాస్టారే గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి బడిలో మాస్టారుగా చేరారు. వాడుక భాష కోసం పోరాడారని మీరు చదివే ఉంటారు. మనకు అంతకన్నా దగ్గరి సంగతి ఒకటుంది. రెండు భాషలూ వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆయన సవర నేర్చుకున్నారు. అంటే ముందు మాస్టారు మనవాడే, పంతులుగారు శిష్యుడు! తర్వాత సవరలో వాచకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మింగి మింగి చెవుడు వచ్చింది. చెవితో పట్టిన భాష కదా అది! అయినా ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

మీలో డీఎడ్ చదువుతున్నవాళ్లున్నారు. ఆయన అంత కష్టపడి నేర్చింది మీకు అమ్మ ఒడిలోనే వచ్చింది. రేపు పోస్టింగ్ వస్తే, ఒకటో తరగతిలో మొదటి రోజు సవరలోనే మాట్లాడండి. కువి మాట్లాడే జాతాపు పిల్లలుంటే నాలుగు మాటలు ముందే నేర్చుకుని వెళ్లండి. వాళ్లకు మీరూ పరాయి మాస్టార్లే.