పెరటి పండ్లకు మిత్రకీటకము



కొబ్బరి నీడను అరటి, జామ, సపోటా పెంచుట మన కోనసీమ పెరళ్ల సంప్రదాయము. 2016లో మన దేశమున కనబడిన సర్పిలాకార తెల్లదోమ ఈ పెరళ్లను పీడించుచున్నది. ఇది ఆకుల అడుగున తెల్లని చుట్లుగా గ్రుడ్లు పెట్టి, రసము పీల్చును; అది విసర్జించు జిగటపై మసివంటి బూజు పట్టి చెట్టు నీరసించును. కొబ్బరినుండి అరటికి, జామకు గూడ ప్రాకును.

ఇంతమాత్రమున పురుగుమందు చల్లరాదు. తెల్లదోమ పిల్లలను హరించు ఎన్కార్సియా యను సూక్ష్మకీటకము మన తోటలలోనే యున్నది. మందు దానినిగూడ చంపును. పైగా ఆ పండ్లు తినునది మన బిడ్డలే.

కనుక ముందుగా ఆకుల అడుగున నీటిని వేగముగా చిమ్మి దోమను కడిగివేయుదము. దోమ గూళ్లకు గుండ్రని రంధ్రములున్నచో మిత్రకీటకము వెలువడినదని గుర్తు. అట్టి ఆకులను కాల్చక, ముక్కలుగా కోసి, దోమ పట్టిన యితర చెట్లకు కట్టుదము. సందేహమున్నచో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారి నడుగుదము.

దోమకు గాని, దాని శత్రువుకు గాని కంచెలు లేవు. ఒకరు మందు చల్లినచో పొరుగువారి మిత్రకీటకములును నశించును. కావున వీధివారమందరము ఒక్కమాటపై నిలిచిననే మన పెరళ్లు నిలుచును.