విశాలాక్షరము: కొలత ఎవరిది?

కర్నూలునుండి కడపకు పోవు బాటలో ఆళ్లగడ్డ దాటిన పిమ్మట చాగలమర్రి వచ్చును. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో అది యొక మండల కేంద్రము. ఆ పేరు వ్రాసినచో మన కంటికి అయిదే అక్షరములు: చా, గ, ల, మ, ర్రి. కంప్యూటరు లెక్క వేరు. యూనికోడ్ పద్ధతిలో దీర్ఘము, పొల్లు, గుడి అన్నియు విడివిడి సంకేతములు. కావున ఆ పేరునకు 9 సంకేతములు పట్టును.

ఈ సంకేతములను దాచుటకు సీ భాషలో ‘వైడ్ క్యారెక్టర్’ అను గది కలదు. దీనిని మనము విశాలాక్షరమందము. చిక్కేమన, ఆ గది వెడల్పు అంతటను ఒకటి కాదు. విండోస్‌లో 2 బైట్లు, లినక్స్‌లో సాధారణముగా 4 బైట్లు. ముగింపు గుర్తు కాక, మన ఊరి పేరు ఒకచోట 18 బైట్లు, మరియొకచోట 36 బైట్లు ఆక్రమించును.

మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. అది యొక యంత్రముపై నడచుచు వేరొక యంత్రమునకు ప్రోగ్రామును సిద్ధము చేయవచ్చును. అంగీ కుట్టు దర్జీ, తొడుగుకొను వాని కొలత తీసుకొనవలెను గాని తన కొలత కాదు గదా! కంపైలరు ధర్మమును అదియే.

ఆ ధర్మము తప్పినచో ఏమగును? 4 బైట్ల లెక్కన పేర్చిన పేరును 2 బైట్ల యంత్రము చదివినదనుకొందము. నేడు సామాన్యమైన బైట్ల వరుసలో మొదట ‘చ’ వచ్చును. వెనువెంటనే సున్న కనబడును. సున్నయనగా మాట ముగిసినదని గుర్తు. ఊరంతయు పోయి ‘చ’ యొక్కటే మిగులును! ఇందుకు విపర్యయముగా జరిగినచో, రెండేసి సంకేతములు అతుకుకొని ఏ అక్షరమునకును చెందని సంఖ్యలగును. జాబితాలో తన పేరు వెదకుకొను రైతునకు ఇది చిన్న పొరపాటు కాదు.

కావున కంపైలరు రచించువారు గది వెడల్పును ఎన్నడును ఊహింపరాదు. ప్రోగ్రాము నడువబోవు యంత్రపు నియమమునే అడిగి తెలిసికొనవలెను. వేరువేరు కొలతలతో సిద్ధమైన భాగములను ఒకటిగా అతుకరాదు. 2011 నాటి సీ, సీ ప్లస్ ప్లస్ ప్రమాణములు 16 బిట్లకు, 32 బిట్లకు వేరువేరు అక్షరరూపములను ఏర్పరచి ఈ సందేహమును కొంత తీర్చినవి.

ఒక యంత్రమునుండి మరియొకదానికి పంపు వ్రాతకు యూటీఎఫ్-8 పద్ధతి మేలు. అందు ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్లు, చాగలమర్రికి 27. ఏ యంత్రముపైనను ఆ లెక్క మారదు. పేరు చిన్నదైనను, దానిని చెడకుండ చేర్చుట మన బాధ్యత.