అరవై యేండ్ల కారుకు నాలుగు చక్రాలు
(ఉగాది సభలో చదివిన ప్రసంగము)

అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు.

ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణం, పద్య పఠనం, బళ్ళారి రాఘవగారి ఊరు గనుక ఒక నాటకం ముక్క, ఇవి ఉండవలసినవే. వీటి నడుమ కారు చక్రాలను గూర్చి ప్రసంగమేమిటని మేమూ అడిగినాము. కార్యదర్శిగారు విడువలేదు. "మీరు చేసిన తప్పు పదిమందికి తెలిస్తే పదకొండోవాడు చేయడు" అన్నారు. కనుక దీన్ని ఉపన్యాసమని అనుకోవద్దు. ఒప్పుకోలు అనుకోండి.

"మేము" అంటే ముగ్గురము. ఒకరు మందుల షాపులో లెక్కలు వ్రాస్తారు, ఒకరు బడిపంతులు, ఈ కాగితం చదువుతున్నది రైల్వే గుమాస్తా. ముగ్గురి ఊళ్ళూ వేరు, బతుకు తెరువు మాత్రం ఈ ఊరు. ఇంజనీరింగు ఎవరమూ చదువలేదు. గుమాస్తా చదువైతే మెట్రిక్యులేషనుతోనే ఆగిపోయింది.

సంగతికి వస్తాము. మన సంఘంలో పెద్దమ్మగారిని ఎరుగనివారు లేరు. వారి భర్త డాక్టరుగారు తెనాలి వైపు నుండి వచ్చి ఈ ఊళ్ళో జీవితమంతా వైద్యం చేసినారు. వారు 1966లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారు కొన్నారు. రెండు తలుపులది. అదే ఏడు పెద్దమ్మగారు కొత్త కోడలిగా బళ్ళారి స్టేషనులో దిగితే ఆ కారులోనే ఇంటికి తీసుకుపోయినారట. ఆ సంవత్సరం పేరు కూడా పరాభవ. అరవై యేండ్లు తిరిగి మళ్ళీ అదే పేరు వచ్చింది. అంటే ఇది కారుకు షష్టిపూర్తి.

డాక్టరుగారు పోయిన తర్వాత కారు షెడ్డులో దుమ్ము తింటూ ఉండేది. తుక్కువాడు వచ్చి బేరమాడితే పెద్దమ్మగారు పంపివేసి మమ్మల్ని పిలిచినారు. "ఒరే అబ్బాయిలూ, దీన్ని నడిపించండి. ఈ ఉగాదికి నన్ను ఒక్కసారి దీనిలో హంపీ తీసుకుపోయి విరూపాక్షస్వామి దర్శనం చేయించండి. తర్వాత మీ యిష్టం" అన్నారు. తాళంచెవి చేతిలో పెట్టినారు. అంతకంటె బరువైన వస్తువును మేము ఎన్నడూ మోయలేదు.

పిల్లలు దీన్ని స్పోర్ట్స్ కారు అంటారు. వారి మాట పూర్తిగా తప్పు కాదు. హెరాల్డ్ ఇంగ్లండులో ట్రయంఫ్ వారి కారు, రూపం దిద్దినవాడు ఇటలీ దేశస్థుడు మికెలోట్టి. 1961 నుండి మద్రాసు దగ్గర వండలూరులో తయారైంది. ఇదే చాసిస్‌ను పొట్టిచేసి 1962లో ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చినారు. అంటే స్పిట్‌ఫైర్‌కు మన హెరాల్డ్ అన్నగారు. ఇంజను 948 సి.సి. మాత్రమే. కాని 25 అడుగుల వలయంలో గిర్రున తిరుగుతుంది. బ్రూస్‌పేట సందుల్లో డాక్టరుగారికి అది ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు.

ఇంజను బాగుపడింది, బ్రేకులు బాగుపడినాయి. చక్రాలు మాత్రం అంచులు తుప్పుపట్టి, రెండింటికి స్టడ్డు రంధ్రాల దగ్గర సన్నని పగుళ్ళు కనబడినాయి. ఇక్కడ మా బుద్ధి గడ్డి తిన్నది. ఒక దుకాణంలో తళతళలాడే అల్లాయ్ చక్రాలు చూసినాము. అరవై యేండ్ల ముసలికి వెండి కడియాలు తొడిగినట్టుంటుందని ముచ్చటపడినాము. చిట్టీ పాడిన డబ్బు చేతిలో ఉన్నది. దుకాణం పేరు చెప్పము. తప్పులో సగం పైగా మాది.

చక్రాన్ని బిగించే నాలుగు రంధ్రాల మధ్యలగుండా ఒక వృత్తం గీస్తే దాని వ్యాసం ఒక లెక్క. మన హెరాల్డ్‌కు అది మూడుముప్పావు అంగుళాలు, అంటే 95.25 మిల్లీమీటర్లు. ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి 100 మిల్లీమీటర్లు. మారుతీ 800కు 114.3. మేము చూసిన చక్రాలు 100వి. "తేడా ఏముంది సార్, ఒక్కొక్క రంధ్రానికి రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. ఆకురాయి పెడితే సరి, నట్టు బిగిస్తే అదే లాక్కుంటుంది" అన్నాడు దుకాణదారు. మేము తల ఊపినాము.

రైల్వేలో పనిచేసేవాడు తల ఊపవలసిన మాటేనా అది? గుంతకల్లు జంక్షనులో ఒకప్పుడు రెండు గేజీలూ ఉండేవి. మీటరు గేజి 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజి 1,676. ఎంత పలుకుబడి ఉన్నవాడైనా సిఫారసు చేసి ఒక గేజి బండిని రెండో గేజి మీద నడపలేడు. ఈ సంగతి తెలిసిన మేమే ఆకురాయికి ఒప్పుకున్నాము.

ఒక ఆదివారం పెద్దమ్మగారి మనవరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, "నేనూ వస్తా మామా" అంటే వెనక సీట్లో కూర్చోబెట్టుకొని సిరుగుప్ప దారి పట్టినాము. నలభై దాటితే స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. టైర్లు కొత్తవి కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాము. కొంతదూరం పోయేసరికి ముందు ఎడమ వైపున టకటక శబ్దం. ఆపేలోగా కారు పక్కకు ఒరిగి నేలను గీసుకుంటూ పోయింది. చక్రం మాకంటె ముందు దొర్లిపోయి ప్రత్తి చేలో పడింది. ఎదురుగా ఖనిజం లారీ రాకపోవడం మా తెలివి కాదు, దైవం దయ. పిల్లకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఆ రాత్రి పెద్దమ్మగారు మమ్మల్ని ఒక్కమాట అనలేదు. పిల్ల చేతికి మందు రాస్తూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

మరునాడు ఒక పాత మేస్త్రీ వచ్చి చూసినాడు. చదువు లేదు గాని చేతిలో విద్య ఉన్నది. ఆయన విప్పిచెప్పినది ఇది. నట్టుకు చివర శంకువులాంటి ఏటవాలు ఉంటుంది. చక్రం రంధ్రంలోనూ అదే ఏటవాలు ఉంటుంది. రెండూ చుట్టూ సమంగా కూర్చుంటేనే బిగువు నిలుస్తుంది. రంధ్రం పక్కకు జరిగితే నట్టు ఒక్క అంచు మీదనే కూర్చుంటుంది. స్టడ్డు వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అది అటూ ఇటూ గుంజుకొని నట్టు వదులవుతుంది. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, మోసమంతా అక్కడే. "సార్, రెండు మిల్లీమీటర్లు మీకు చిన్నవి, స్టడ్డుకు చిన్నవి కావు" అన్నాడు.

అప్పటినుండి మూడు నెలలు చక్రాల పాఠం చదువుకున్నాము. మా మాదిరి పాత కార్లు, పెద్దల కార్లు పెట్టుకున్నవారికి పనికివస్తుందని క్లుప్తంగా మనవి చేస్తున్నాము.

మొదటిది, రంధ్రాల వృత్తం అచ్చంగా సరిపోవాలి. "దాదాపు" అనే మాట ఇక్కడ చెల్లదు. నడుమ రంధ్రం హబ్బుకు సరిపోవాలి. నట్ల ఏటవాలు చక్రం ఏటవాలుతో కలవాలి. అల్లాయ్ చక్రం మందం ఎక్కువ గనుక స్టడ్డు పొడవు చాలుతుందా అని కూడా చూడాలి.

రెండవది వెడల్పు. వెడల్పు చక్రం వేస్తే కారు నేలను బాగా పట్టుకుంటుందని కుర్రవాళ్ళ నమ్మకం. కాని చక్రం బయటికి జరిగిన కొద్దీ ముందు ఇరుసుముక్క మీద మీట వేసినట్టు బరువు పెరుగుతుంది. హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌లలో ముందు చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ అడుగున కంచుతో చేసిన ఒక మరబిళ్ళలో తిరుగుతుంది. దాన్ని ట్రనియన్ అంటారు. దానికి గ్రీజు కాక 90 నంబరు గేరు ఆయిలు పొయ్యాలి. అది ఎండిపోయి నీళ్ళు చేరితే మరలు తుప్పుపట్టి ఒకనాడు కడ్డీ విరిగి చక్రం ముడుచుకుంటుంది. చక్రం మార్చేముందు దాన్ని విప్పి చూడనివాడు ఇల్లు చూడకుండా తలుపులకు రంగు వేసినవాడే.

మూడవది వెనక వైపు. హెరాల్డ్ వెనక ఇరుసులు రెండు ముక్కలుగా ఊగుతాయి. మలుపులో వేగంగా పోతూ హఠాత్తుగా కాలు తీస్తే బయటి చక్రం లోపలికి ముడుచుకుంటుంది. ఇది నిర్మాణంలోనే ఉన్న గుణం. తర్వాత 1970లలో అదే కంపెనీ తెచ్చిన గజెల్ కారుకు ఒకే గట్టి ఇరుసు పెట్టినారు. ఈ గుణాన్ని వెడల్పు చక్రం మాన్పదు. నిదానం ఒక్కటే మాన్పుతుంది.

నాలుగవది స్పోకుల చక్రాలు. స్పిట్‌ఫైర్‌కు అవి కోరినవారికి ఇచ్చేవారు. చూపుకు ఎంతో సొగసు. కాని స్పోకులు సైకిలుకు మల్లే సరిచూస్తూ ఉండాలి, లోపల ట్యూబు తప్పదు, హబ్బు పళ్ళు అరిగితే మొత్తం మార్చాలి. తోరణగల్లు దారి గుంటలు, ఎర్రదుమ్ము తలచుకొని ఆ ముచ్చట మానుకున్నాము.

ఇక మిగిలింది అసలు చక్రమే. పదమూడు అంగుళాల ఉక్కు చక్రం, వెడల్పు మూడున్నర అంగుళాలు. చెన్నపట్నంలో పాత కార్ల సామానుకు పేరుపొందిన పుదుపేట సందుల్లో రెండు రోజులు తిరిగి అయిదు సంపాదించినాము. ప్రతిదాన్నీ మేస్త్రీ చెప్పినట్లే పరీక్షించినాము: రంగు గీకి రంధ్రాల చుట్టూ పగులు చూడడం, హబ్బుకు తగిలించి తిప్పుతూ అంచు దగ్గర సుద్దముక్క పట్టుకొని వంకర చూడడం. సుద్ద చుట్టూ సమంగా గీస్తే చక్రం తిన్నన. పగిలినదాన్ని వెల్డింగు చేసి ఇస్తామన్నవారికి దండం పెట్టి వచ్చేసినాము.

టైర్ల విషయంలో ఒక సూక్ష్మం ఉన్నది. ఈనాడు పదమూడు అంగుళాల టైర్లు 145/80, 155/80 అని దొరుకుతాయి. లావుది మేలనుకోరాదు. 155కు కనీసం నాలుగు అంగుళాల వెడల్పు చక్రం కావాలి. 145 మాత్రమే మూడున్నర మీద సరిగా కూర్చుంటుంది. దాని మీద 75 అనే అంకె ఉంటే ఒక్కొక్కటి 387 కిలోలు మోస్తుందని అర్థం. కారు బరువు సుమారు 800 కిలోలు. నాలుగు టైర్లకు సరిపడి మిగులుతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2225 అని ఉంటే 2025వ సంవత్సరం 22వ వారంలో తయారైనదని. బేరం బాగుందని పాతబడిన టైరు తెచ్చుకోవద్దు. పాత పద్ధతి క్రాస్‌ప్లై, కొత్త పద్ధతి రేడియల్ కలిపి వేయవద్దు.

నట్లు వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. అన్నిటికంటె ముఖ్యం, కొంతదూరం నడిపిన తర్వాత దిగి మళ్ళీ బిగించాలి. మేము మొదటిసారి ఇది కూడా చేయలేదు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు, కంపెనీవారి నిర్ణయాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. పదిహేనేండ్లు దాటిన సొంత కారుకు అయిదేండ్లకోసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. యాభై యేండ్లు దాటినవాటికి 2021 నుండి వింటేజి రిజిస్ట్రేషను అని వేరే ఉన్నది గాని, ఆ బండ్లను ప్రదర్శనలకు, ర్యాలీలకు, అటువంటి వాటికే రోడ్డెక్కించాలి. మా కారు గుడికి పోవలసిన కారు గనుక మేము మామూలు పద్ధతిలోనే ఉన్నాము.

తళతళలాడే ఆ నాలుగు చక్రాలు ఏమైనాయని అడుగుతారు. అమ్ముకోవడానికి మనసొప్పలేదు. మరొకరి పిల్ల వెనక సీట్లో ఉంటుంది కదా. కొట్టించి తుక్కుకింద వేసినాము. చిట్టీ డబ్బులో సగం అలా పోయింది. మిగతా సగంతోనే మంచి చక్రాలు వచ్చినాయి. వాటికి మెరుగు లేదు. డాక్టరుగారి కాలంనాటి బూడిద రంగే వేయించినాము.

సొంత ఊరు విడిచి వచ్చినవారము మనము. కొత్తచోట నలుగురిలో మెరవాలనే తపన కొంచెం ఎక్కువగానే ఉంటుంది. మెరవడంలో తప్పు లేదు. బిగువు చూసుకోకుండా మెరిస్తేనే ప్రమాదమని మాకు ఆ ప్రత్తి చేలో తెలిసింది.

రేపు తెల్లవారి అయిదింటికి బయలుదేరుతున్నాము. వేగం నలభై దాటదు. పెద్దమ్మగారు ముందు సీట్లో, మనవరాలు వెనక సీట్లో. పిల్ల తల్లిని అడగడానికి మాకు నోరు రాలేదు. పెద్దమ్మగారే అడిగి ఒప్పించినారు. తోరణగల్లు దగ్గర ఆపి నట్లు సరిచూస్తాము. ఆ పని పిల్లదే. పానా తన పక్కనే పెట్టుకుంటానని నిన్ననే చెప్పింది.

సెలవు.