వైర్లు గుచ్చితే మోగే పెట్టె
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున ఈ పెట్టెను ఆటోలోంచి దించుతుంటే ఒక అన్న చూసి, "ఇదేంది తమ్మీ, కరెంటాఫీసు కెల్లి పట్టుకొచ్చినవా?" అని అడిగాడు. ఆయన అనుమానంలో తప్పేమీ లేదు. ముందంతా గుండీలు, తిప్పే నాబులు, చిన్న చిన్న రంధ్రాలు, వాటి మధ్య వేలాడే రంగురంగుల వైర్లు. కానీ ఇది సంగీత వాద్యం. దీన్ని మాడ్యులర్ సింథసైజర్ అంటారు. నాలుగేళ్లుగా సెలవు రోజుల్లో కూర్చొని దీన్ని తయారు చేసుకున్నాను. ఇందులో 14 మాడ్యూళ్లున్నాయి. విడిభాగాలు చాలావరకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నవి. టేకు పెట్టె మాత్రం మన మడికొండ వడ్రంగి చేతి పని.

ముందు ఇది ఎట్లా పనిచేస్తుందో చెప్తాను. మనందరికీ చెరువు తెలుసు. చెరువులో నీళ్లుంటాయి, తూము ఉంటుంది, తూము ఎత్తే మనిషి ఉంటాడు, కింద కాలువ ఉంటుంది. ఈ పెట్టెలో ఆసిలేటర్ అనేది చెరువు. ఆపకుండా ధ్వనిని ఇస్తూనే ఉంటుంది. దాని పక్కన ఫిల్టరు ఉంది. అది జాలి లాంటిది, ధ్వనిలోని పదునైన భాగాన్ని ఎంత కావాలంటే అంత ఆపేస్తుంది. ఆ తర్వాత ఆంప్లిఫయరు, అంటే తూము. తూము ఎత్తితే ధ్వని బయటికొస్తుంది, దించితే ఆగుతుంది. ఆ తూమును ఎంత తొందరగా ఎత్తాలి, ఎంతసేపు ఉంచాలి, ఎట్లా దించాలి అని చెప్పే మాడ్యూలును ఎన్వలప్ అంటారు. తటాలున ఎత్తి మెల్లగా దించితే తీగ మీటినట్టు ఉంటుంది. మెల్లగా ఎత్తి మెల్లగా దించితే వేణువు ఊదినట్టు ఉంటుంది.

ఇక్కడ అసలు సంగతి ఏమిటంటే, ఈ మాడ్యూళ్లు లోపల ఒకదానికొకటి కలిపి ఉండవు. దేన్ని దేనికి కలపాలో వాయించేవాడే వైరు గుచ్చి నిర్ణయిస్తాడు. దాన్నే ప్యాచింగ్ అంటారు. నేను 30 ఏళ్లు ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేశాను. అక్కడ కూడా ఒక సిగ్నల్ ఇంకో యంత్రాన్ని నడిపిస్తుంది. 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటు వెళ్లి వాల్వును తెరుస్తుంది, మూస్తుంది. కానీ అక్కడ ఏ వైరు ఎక్కడికి పోవాలో డ్రాయింగ్‌లో ఉంటుంది. దాన్ని మార్చాలంటే పది సంతకాలు కావాలి. ఇక్కడ ఏ సంతకమూ అక్కర్లేదు. మెల్లగా ఊగే ఆసిలేటరును ఇంకో ఆసిలేటరుకు గుచ్చితే స్వరం ఊగుతుంది, గమకం లాగా. ఆ ఊపునే సెకనుకు కొన్ని వందల సార్లకు పెంచితే ఇక ఊపు వినపడదు, స్వరం రూపమే మారిపోతుంది. మెట్టుగుట్ట మీద గుడిగంట కొట్టినట్టు వినిపిస్తుంది. మొదటిసారి అది విన్న రాత్రి నేను ఇంట్లో అందరినీ నిద్రలేపాను. ఎవరూ మెచ్చుకోలేదు.

ఈ వాద్యం 1964లో అమెరికాలో పుట్టింది. రాబర్ట్ మోగ్ అనే ఇంజనీరు, హెర్బర్ట్ డాయిచ్ అనే సంగీతకారుడు కలిసి దాన్ని తయారు చేశారు. ఆయన ఇంటిపేరును చాలామంది మూగ్ అని చదువుతారు. మోగ్ అని పలకాలి. మోగే యంత్రం చేసినాయన మూగ ఎట్లా అవుతాడని నేను మా పిల్లలకు చెప్తుంటాను. అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుక్లా ఇంకో దారిలో ఇట్లాంటిదే చేశాడు. 1968లో వెండీ కార్లోస్ మోగ్ యంత్రం మీద బాఖ్ సంగీతాన్ని వాయించి రికార్డు తెచ్చాక దీని పేరు లోకమంతా పాకింది. ఇవాళ ఇంట్లో తయారు చేసుకునేవాళ్లు ఎక్కువగా పాటించే కొలతలు 1990ల మధ్యలో జర్మనీలో డీటర్ డోప్ఫర్ తెచ్చినవి. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది. కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. ఈ కొలత పాటిస్తే జపాన్‌లో చేసిన మాడ్యూలు, మడికొండలో చేసిన మాడ్యూలు ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చుంటాయి.

మన దేశానికి ఈ యంత్రం ఎప్పుడొచ్చిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు మోగ్ మాడ్యులర్ వచ్చింది. అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో ఏర్పాటులో చేయి వేశాడు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా 1972 దాకా దాని మీద పనిచేసి టేపులు నింపారు. ఆ తర్వాత ఆ సంగతి చాలామందికి తెలియకుండా పోయింది. లండన్ కళాకారుడు పాల్ పర్గాస్ ఆ టేపుల మీద పనిచేశాక, 2023లో అవి ఆల్బమ్‌గా వచ్చాయి. నేనది విన్నాను. 50 ఏళ్ల కింద మనవాళ్లు మోగ్ యంత్రం ముందు కూర్చొని వెతుకుతున్న చప్పుడు అందులో వినిపిస్తుంది. ఒక యంత్రం ఉండటం వేరు, దాని మీద కొత్త కొత్త చేతులు పడుతూ ఉండటం వేరు అని నాకు అప్పుడు తట్టింది. ఈ మాట మళ్లీ చివర్లో చెప్తాను.

ఇప్పుడు నా కష్టాలు. మొదటిది ఎండ. ఆసిలేటరుకు ఒక వోల్టు పెంచితే పౌనఃపున్యం రెండింతలు కావాలి. సా 140 హెర్ట్జ్ అయితే, ఒక వోల్టు కలిపితే పైషడ్జమం 280. ఈ లెక్కను ట్రాన్సిస్టరు తన స్వభావంతోనే చేస్తుంది. దాని బేస్ దగ్గర సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెండింతలవుతుంది. అయితే ఆ 18 అనేది వేడిని బట్టి మారుతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు 0.33 శాతం. అంటే గది 28 డిగ్రీల నుంచి 38 డిగ్రీలకు పోతే, ఒక స్థాయికి దాదాపు 40 సెంట్ల తేడా వస్తుంది. అర స్వరానికి 100 సెంట్లు. మే నెలలో మన స్లాబు ఇళ్ల సంగతి మీకు తెలుసు. పొద్దున శ్రుతి చేస్తే మధ్యాహ్నానికి అపశ్రుతి. దీనికి మందు కూడా ఉంది. వేడికి అంతే శాతం పెరిగే ప్రత్యేకమైన రెసిస్టరు ఒకటి దొరుకుతుంది. దాన్ని ఆ ట్రాన్సిస్టరు జంటకు ఆనించి అంటించాలి. రెండూ ఒకే వేడిలో ఉండాలి. నేను మొదట్లో దాన్ని పెట్టకుండా డబ్బులు మిగిల్చాననుకున్నాను. ఒక ఎండాకాలమంతా దండగైంది.

రెండోది శ్రుతి. రెండు ఆసిలేటర్లు తీసుకొని ఒకటి సాకు, ఒకటి పాకు పెట్టి తంబురా లాగా మోగించాలని అనుకున్నాను. కీబోర్డు లెక్క ప్రకారం పా అంటే 12లో 7 భాగాలు, 0.583 వోల్టులు. పెట్టాను. మీటరులో సరిగ్గా ఉంది. కానీ చెవికి ఏదో ఊగుతున్నట్టుంది. రెండు సెకన్లకొకసారి ఒక చిన్న అల. మీటరు తప్పేమో అనుకున్నాను, సర్క్యూటు తప్పేమో అనుకున్నాను. రెండు రాత్రులు వెతికాను. మూడో రాత్రి మన బడి గుర్తొచ్చింది.

మన సైన్సు సారు రెండు శ్రుతిదండాలు తెచ్చి, ఒకదాని కొమ్ముకు కొంచెం మైనం అంటించి, రెండింటినీ ఒకేసారి మోగించి బల్ల మీద ఆనించేవారు. ఊం, ఊం, ఊం అని ఊగేది. "వినుండ్రి, లెక్కపెట్టుండ్రి" అనేవారు. అవి విస్పందనాలు. సెకనుకు ఎన్ని విస్పందనాలో, రెండు పౌనఃపున్యాల మధ్య తేడా అంత. లెక్క వేశాను. శుద్ధమైన పంచమం సాకు ఒకటిన్నర రెట్లు. 140కి 210 ఉండాలి. నా దగ్గరున్నది 209.76. సాలోని మూడో అంశస్వరం 420, నా పాలోని రెండో అంశస్వరం 419.53. తేడా 0.47. రెండు సెకన్లకు ఒక అల. సర్క్యూటు బాగానే ఉంది. కీబోర్డు పంచమమే తంబురా పంచమం కాదు. 1.6 మిల్లీవోల్టులు పెంచాను. అల ఆగిపోయింది.

తెలుగు మీడియంలో చదువుకొని ఇంజనీరింగ్‌కు పోయినప్పుడు, బీట్స్ అని లెక్చరరు అంటే నాకు అర్థం కాలేదు. వెనక బెంచీలో తలవంచుకొని కూర్చున్నాను. బోర్డు మీద బొమ్మ వేశాక, ఓ, విస్పందనాలా అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు భయం సగం పోయింది. ఇక్కడున్న తెలుగు మీడియం పిల్లలకు ఇది చెప్పాలనిపించింది.

మూడో కష్టం చెప్పటానికే నేను ఈ మైకు ముందుకు వచ్చాను. ప్రతి మాడ్యూలుకు వెనక పట్టీ లాంటి వైరు గుచ్చి కరెంటు ఇస్తాం. ఆ పట్టీకి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది. ఎర్ర గీత మైనస్ 12 వైపు ఉండాలి. ఎరుపంటే ప్లస్ అని మన చేతికి అలవాటు. ఒక రాత్రి నిద్రమత్తులో తిరగేసి గుచ్చి స్విచ్ వేశాను. పటక్‌మని చప్పుడు, పొగ, కాలిన వాసన. నెల రోజులు కష్టపడి చేసిన ఫిల్టరు పోయింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఫిల్టరు గుర్తు రాలేదు. తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో మన ల్యాబులో రెండే గాల్వనామీటర్లుండేవి. రెసిస్టెన్సు లేకుండా సెల్లుకు కలపొద్దని సారు చెప్పారు. ముల్లు ఎంత దూరం పోతుందో చూద్దామని నేను కలిపాను. ముల్లు అవతలి కొసకు కొట్టుకొని అక్కడే ఉండిపోయింది. లోపల చుట్ట కాలింది. సారు వచ్చి ఎవరని అడిగితే నేను నేల చూశాను. నా పక్కనున్న మిత్రుడిని చూసి సారు అతనే అనుకున్నారు. అతను నా పేరు చెప్పలేదు. పీరియడ్ అయ్యేదాకా బయట నిలబడ్డాడు. మిగిలిన ఒక్కటీ పోతే పరీక్షలకు ఏమీ ఉండదని సారు బీరువాకు తాళం వేశారు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. కానీ ఆ ఏడాది మా తరగతి మొత్తం గాల్వనామీటరు బొమ్మనే చూసింది. దానికి కారణం నేను. దాదాపు 40 ఏళ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ మిత్రుడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పను, అతనికి తెలుసు. అరే, మన్నించు. ఆ రోజు నేను నోరు తెరవాల్సింది.

ఫిల్టరు కాలిన రాత్రి నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు. పొద్దున లేచి ఏ ఐసీ పోయింది, ఏది మిగిలింది అని ఒక్కొక్కటే కొలిచాను. రెండు ఐసీలు మార్చాను, మళ్లీ తిరగేసి గుచ్చినా కాలకుండా రెండు డయోడ్లు వేశాను. ఉద్యోగంలో నేను పాడైన కార్డు తీసి కొత్త కార్డు పెట్టిన ఇంజనీరునే. కార్డు లోపల ఏం జరిగిందో చూసే తీరిక ఎవరిస్తారు? కాల్చుకొని, ఎందుకు కాలిందో వెతుక్కొని, బాగు చేసుకున్నాకే సర్క్యూటు నాకు నిజంగా అర్థమైంది. 50 దాటాక నేర్చుకున్న ఈ పాఠం 14 ఏళ్లప్పుడు నేర్చుకోవాల్సింది.

అందుకే స్వర్ణోత్సవ కమిటీకి ఒక విన్నపం. గేటు ముందు ఆర్చి కడదామని కొందరు అన్నారు, మంచిదే. దానితో పాటు ల్యాబులో ఒక బల్ల ఇద్దాం. దాని మీద నాలుగు సోల్డరింగ్ ఐరన్లు, నాలుగు మల్టీమీటర్లు, 9 వోల్టుల బ్యాటరీలు. 40106 అనే ఐసీ ఒకటి ఉంది, ధర రెండు మూడు చాయ్‌ల ఖర్చు. దానికి ఒక్కో రెసిస్టరు, కెపాసిటరు తగిలిస్తే ఆరు ఆసిలేటర్లవుతాయి. రెసిస్టరు బదులు వెలుతురుకు మారే ఎల్‌డీఆర్ పెడితే, చేతి నీడతో స్వరం పైకీ కిందికీ పోతుంది. మొదటి రోజే పిల్లలు దాన్ని మోగిస్తారు. షాక్ భయం లేదు, 9 వోల్టులే.

దీనికి రెండు షరతులు. మొదటిది, కాల్చినవాళ్లకు జరిమానా ఉండొద్దు, బయట నిలబెట్టొద్దు. బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉండాలి. కాల్చినవాళ్లు అందులో తేదీ వేసి, ఏం కలిపాను, ఏం కాలింది, ఎందుకు కాలింది అని రాసి సంతకం పెట్టాలి. అట్లా రాసినవాళ్లకు కొత్త భాగం ఇవ్వాలి. మొదటి మూడేళ్లు కాలిన ప్రతి వస్తువు ఖర్చూ నాది. రెండోది, ఆ బల్ల తాళం తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఉండాలి. టీచర్లకు ఇది అదనపు భారమని నాకు తెలుసు. నెలకు రెండు శనివారాలు నేనొచ్చి కూర్చుంటాను. సర్క్యూటు కాగితాలు తెలుగులో రాసి తెచ్చాను, పక్కనే ఇంగ్లీషు మాటలు కూడా పెట్టాను.

ఆ పుస్తకం కూడా తెచ్చాను, ఇదిగో. మొదటి పేజీ నేనే నింపాను. తొమ్మిదో తరగతి, గాల్వనామీటరు ఒకటి, రెసిస్టెన్సు లేకుండా సెల్లుకు కలిపాను, చుట్ట కాలింది. కింద నా సంతకం.

ఇక మాటలు చాలు. పిల్లలూ, ముందుకు రండి. ఈ వైరు ఒక కొస ఇక్కడ గుచ్చాను. రెండో కొస ఎక్కడ గుచ్చాలో మీరే చూసుకోండి.