కిరాయి ఇంట్లో జీరో బిల్లు ఎందుకు వస్తలేదు? మీటర్, కార్డు, ఓనర్ – మూడింటి లెక్క

ఈ ఎపిసోడ్ కిరాయికి ఉండేవాళ్ల కోసం. సొంతిల్లు ఉన్నవాళ్లు కూడా చూడండి, ఎందుకంటే మీ ఇంట్ల కూడా ఎవరో ఒకరు కిరాయికి ఉండే ఉంటరు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి – ఈ మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలు అయినయి. కలెక్టరేట్లు వచ్చినయి, ఆఫీసులు వచ్చినయి, తర్వాత మెడికల్ కాలేజీలు వచ్చినయి. వాటితో పాటు కిరాయికి వచ్చేవాళ్లు పెరిగారు. ఒక్క ఇల్లు మూడు పోర్షన్లు అయింది. కానీ మీటర్ మాత్రం చాలా ఇళ్లల్ల ఒక్కటే. కిరాయిదారుల కరెంటు బిల్లు తిప్పలన్నీ ఇక్కడే మొదలైతయి.

ముందు గృహజ్యోతి గురించి రెండు ముక్కలు. 2024 మార్చి నుంచి తెలంగాణలో జీరో బిల్లులు మొదలైనయి. రేషన్ కార్డు ఉండాలి, ఆధార్ ఉండాలి, నెలకు 200 యూనిట్ల లోపు వాడాలి. కిరాయికి ఉన్నవాళ్లు కూడా అర్హులే. ఇది ఓనర్ దయ కాదు, స్కీమ్‌లో ఉన్న మాటే. మరి అర్హత ఉన్నా బిల్లు ఎందుకు వస్తుంది?

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన కాబట్టి నాకు ఇది ఒక డేటా సమస్యలా కనిపిస్తుంది. సబ్సిడీ కార్డుకు వస్తది. బిల్లు మీటర్‌కు వస్తది. ఈ రెండింటినీ కలిపేది కంప్యూటర్‌లో ఒక్క లైన్: ఫలానా రేషన్ కార్డు, ఫలానా సర్వీస్ నంబర్. సొంతింటివాళ్లకు ఈ లైన్ ఒకసారి రాస్తే అయిపోయింది. కిరాయిదారు ఇల్లు మారిన ప్రతిసారీ ఆ లైన్ తప్పయితది. మనిషి మారుతడు, కార్డు మనిషితో పోతది, మీటర్ గోడకే ఉంటది.

ఒక ఉదాహరణ అనుకుందాం. మీరు జనగామలో పాత ఇల్లు ఖాళీ చేసి కొత్త ఇంటికి వచ్చారు. మీ కార్డు ఇంకా పాత ఇంటి మీటర్‌కే లింక్ అయి ఉంది. కొత్త ఇంటి మీటర్‌కేమో మీకన్నా ముందున్న వాళ్ల కార్డు లింక్ అయి ఉంది. ఇక్కడ ఎవరూ దొంగతనం చెయ్యలేదు. అందరూ అర్హులే. కానీ ఎవరి సబ్సిడీ ఎవరికి పోతుందో చూసేవాళ్లు లేరు. అందుకే ఇల్లు మారంగనే చేయాల్సిన మొదటి పని, గ్యాస్ అడ్రస్ మార్చినట్టే, గృహజ్యోతి సర్వీస్ నంబర్ మార్పించుకోవాలి. పల్లెల్లో ఎంపీడీవో ఆఫీసు, పట్టణంలో మున్సిపల్ ఆఫీసు. రేషన్ కార్డు, ఆధార్, కొత్త ఇంటి కరెంటు బిల్లు – మూడు జిరాక్సులు పట్టుకుపోండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

"నాకు అప్పట్ల కార్డు లేదన్నా" అనేవాళ్లు చాలామంది ఉన్నరు. 2025 జూలై 14న తిరుమలగిరిలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలైంది. మన జనగామకు దగ్గర్లోనే. కొత్త కార్డు చేతికి వస్తే జీరో బిల్లు దానంతట అదే రాదు. మళ్లీ పోయి సర్వీస్ నంబర్‌తో లింక్ చేయించుకోవాల్సిందే.

ఇంకో మాట. కంప్యూటర్ "అనర్హులు" అని చూపిస్తే తల వంచుకుని వచ్చేయకండి. మన రాష్ట్రంలోనే వేర్వేరు శాఖల డేటా కలిపి చూసి రేషన్ కార్డులు తీసేసిన చరిత్ర ఉంది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలవడు. స్క్రీన్ చెప్పింది కాబట్టి నిజం అనుకోవద్దు. కారణం రాసి ఇవ్వమని అడగండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన స్లాబులతో చెప్తున్నా. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ వేరే.

మీ ఇంట్లో నెలకు 200 యూనిట్లు కాలింది అనుకోండి. మొదటి 100కు యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి 100కు 4.80. మొత్తం 820. గృహజ్యోతి ఉంటే కట్టేది సున్నా. అదే 201 కాలింది అనుకోండి. ఇప్పుడు మొదటి 200 యూనిట్లకూ 5.10 లెక్కేస్తరు, అంటే 1020. ఆ ఒక్క యూనిట్‌కు 7.70. మొత్తం 1027.70. ఒక్క యూనిట్! నిన్నటి దాకా సున్నా, ఇయ్యాల వెయ్యి దాటింది. ఎందుకంటే 200 దాటితే పైన ఉన్న యూనిట్‌కే కాదు, మొత్తం బిల్లుకూ సబ్సిడీ పోతది.

ఈ లెక్క తెలిస్తే ఒక్క మీటర్ మీద మూడు పోర్షన్లు ఉండటం ఎంత నష్టమో అర్థమైతది. మూడు కుటుంబాలు, ఒక్కొక్కరు 70 యూనిట్లే వాడారు. రెండు లైట్లు, ఫ్యాను, టీవీ, అప్పుడప్పుడు మిక్సీ. ఎవరూ దుబారా చెయ్యలేదు. కానీ మీటర్ మీద 210. బిల్లు 1097 రూపాయలు. మూడు వాటాలు వేస్తే ఒక్కొక్కరికి దాదాపు 366. అదే వేర్వేరు మీటర్లు ఉంటే? 70 యూనిట్లకు మొదటి 50కి 1.95, తర్వాతి 20కి 3.10. మొత్తం 159 రూపాయల 50 పైసలు. కార్డు లింక్ ఉంటే అదీ సున్నా. ఇక కొందరు ఓనర్లు సబ్ మీటర్ పెట్టి యూనిట్ 10 రూపాయలు అంటరు. 70 యూనిట్లకు 700. సున్నా కావాల్సిన చోట ఏడు వందలు. సంవత్సరానికి 8,400. రోజు కూలి మీద బతికే ఇంటికి అది పిల్లల ఫీజు.

ఓనర్లను తిట్టడానికి ఇది చెప్తలేను. చాలామంది ఓనర్లకు ఒక భయం ఉంది: "కిరాయోళ్ల కార్డు నా మీటర్‌కు లింకైతే రేపు ఇల్లు వాళ్లదంటరేమో" అని. కాదు. మీటర్ మీద పేరు మారదు. ఇంటి కాగితం మారదు. సబ్సిడీ ఎవరికి అన్నదే రికార్డు అయితది. ఈ వీడియోలో ఈ ఒక్క ముక్కే మీ ఓనర్ అన్నకు చూపించండి. పోర్షన్‌కు ఒక మీటర్ పెట్టించమని మర్యాదగా అడగండి. ఖర్చులో సగం మీరు పెట్టుకున్నా కొన్ని నెలల్లోనే తిరిగొస్తది.

ఇప్పుడు ఎక్కువమంది మాట్లాడని విషయం. డబుల్ బెడ్‌రూం ఇండ్లు. ప్రభుత్వం ఇచ్చిన ఆ ఇండ్లను అమ్మరాదు, కిరాయికి ఇయ్యరాదు. అయినా కొన్ని చోట్ల కిరాయికి నడుస్తున్నయి. అక్కడ ఉండే కిరాయిదారు పరిస్థితి అందరికన్నా అధ్వాన్నం. అగ్రిమెంట్ రాయరు. రసీదు ఇయ్యరు. కరెంటు సర్వీస్ నంబర్ అడిగితే "వద్దు, దొరికిపోతం" అంటరు. బిల్లు ఎంతొచ్చిందో చూపించకుండా "కిరాయి, కరెంటు కలిపి ఇంత" అని నోటిమాటగా తీసుకుంటరు. తనిఖీ వస్తే ఇల్లు కేటాయించినవాళ్లకు నోటీసు వస్తది, కానీ సామాన్లు రోడ్డు మీద పడేది మీవి. కాబట్టి అలాంటి ఇంట్లకు పోయే ముందు ఆలోచించండి. ఇప్పటికే ఉంటే పెద్ద అడ్వాన్సులు ఇవ్వకండి. మీకు నిజంగా ఇల్లు లేకపోతే, కిరాయికి దాక్కుని ఉండే బదులు మీ పేరు మీదనే ఇంటికి దరఖాస్తు పెట్టుకోవడం మేలు.

సరే, బిల్లు తప్పు వచ్చింది. ఏం చేయాలి?

ఒకటి. బిల్లు మీద రెండు రీడింగులు ఉంటయి – పోయిన నెలది, ఈ నెలది. తీసేస్తే వచ్చేదే యూనిట్లు. ఇప్పుడు మీటర్ దగ్గరికి పోయి చూడండి. మీటర్‌లో ఉన్న నంబర్ బిల్లులో ఉన్నదానికన్నా తక్కువ ఉంటే రీడింగ్ తప్పు కొట్టారన్నట్టే. ఫొటో తీయండి. ఇంటికి తాళం ఉంటే సగటు లెక్కన బిల్లు వస్తది, అది కూడా చూసుకోండి. రెండు బిల్లుల మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టండి. నెల దాటితే ఆ ఎక్కువ రోజులను ఎట్ల లెక్కేశారో అడగండి.

రెండు. కిరాయి, కరెంటు వేర్వేరుగా ఫోన్‌పే చేయండి. నోట్‌లో "జూన్ కిరాయి", "జూన్ కరెంటు 70 యూనిట్లు" అని రాయండి. అగ్రిమెంట్ లేని మనిషికి అదే అగ్రిమెంట్.

మూడు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. మన మూడు జిల్లాలూ హనుమకొండ కేంద్రంగా ఉన్న టీజీఎన్‌పీడీసీఎల్ కిందికి వస్తయి. కార్డు లింక్ సమస్య అయితే ఎంపీడీవో, మున్సిపల్ ఆఫీసు. అక్కడ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి.

నాలుగు. "ముందు మొత్తం కట్టు, లేకపోతే కట్ చేస్తం" అంటే భయపడకండి. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 56 ఉంది. బకాయి ఉంటే 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా కనెక్షన్ తీయరాదు. బిల్లు మీద గొడవ ఉంటే, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల సగటు గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నా" అని రాసి కట్టొచ్చు. గొడవ తేలేదాకా కరెంటు తీయరాదు.

ఐదు. అక్కడా తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం ఉంది. దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. "మీటర్ నీ పేరు మీద లేదు కదా" అంటే ఒక మాట గుర్తుపెట్టుకోండి: అదే చట్టం సెక్షన్ 2(15)లో వినియోగదారు అంటే సొంత వాడకానికి కరెంటు తీసుకునే మనిషి అని ఉంది. ఇల్లు ఎవరిదైనా, లైటు వెలిగేది మీ పిల్లల పుస్తకాల మీద.

భూపాలపల్లి పక్కన చెల్పూర్‌లో కేటీపీపీ ఉంది, 1100 మెగావాట్ల ప్లాంటు. దానికి కూతవేటు దూరంలో కిరాయికి ఉండే మనిషి, తన 70 యూనిట్లకు ఎవరు ఎంత లెక్కేశారో తెలియకుండా పైసలు కడుతున్నడంటే అది కరెంటు కొరత కాదు, కాగితం కొరత.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ బిల్లు మీద సర్వీస్ నంబర్ చూసి, దానికి ఏ కార్డు లింక్ అయి ఉందో ఆఫీసులో అడగండి. మీది కాకపోతే మార్పించండి. మీ బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఈ వీడియో వేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.